ఫార్ములాల పట్టిక బదులు ఒక లెక్క ప్రచురించండి

సంపాదకుల వారికి,

పరీక్షలు దగ్గరపడితే చాలు, పత్రికల చదువుల పేజీల్లో ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ ఫార్ములాల పట్టికలు వస్తాయి. ఫార్ములా ఎప్పుడు చెల్లుతుందో మాత్రం వాటిలో ఉండదు. ఆ షరతు పాఠంలో, ఫార్ములాకు ముందున్న రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది. మార్కులు పోయేది అక్కడే.

ఘర్షణనే తీసుకోండి. బల్ల మీద 10 కిలోల దిమ్మె, స్థైతిక ఘర్షణ గుణకం 0.4. 20 న్యూటన్లతో అడ్డంగా లాగితే కదల్లేదు. ఘర్షణ ఎంత? చాలామంది మ్యూ ఎన్ (ఆ గుణకం మ్యూని, బల్ల దిమ్మెను పైకి నెట్టే బలం ఎన్‌తో హెచ్చించడం) కట్టేసి 39.2 అంటారు. అదే నిజమైతే దిమ్మె లాగినవాణ్ని వదిలి వెనక్కి పరుగెత్తాలి! 39.2 గరిష్ఠ హద్దు మాత్రమే. దిమ్మె కదలనంతసేపు ఘర్షణ లాగిన బలమంతే, ఇక్కడ 20. ఎన్ అంటే ఎప్పుడూ ఎంజీయే, అంటే దిమ్మె బరువే అనుకోవడం ఇంకో తప్పు. తాడును 30 డిగ్రీలు పైకెత్తి అదే 20తో లాగితే అందులో 10 న్యూటన్లు దిమ్మెను పైకి లేపుతాయి, ఎన్ 98 నుంచి 88కి దిగుతుంది. ఫ్రీ బాడీ డయాగ్రామ్, అంటే దిమ్మె మీది బలాలన్నీ చూపే బొమ్మ గీసినవాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది.

స్ప్రింగ్ దగ్గరా అంతే. బల స్థిరాంకం (ఒక మీటరు సాగదీయడానికి కావలసిన బలం) 200, సాగినది 0.1 మీటరు. సాగదీయడానికి చేసిన పని ఎంత? చివరి బలం 20ని 0.1తో హెచ్చించి 2 జౌళ్లు అంటారు. బలం సున్నా నుంచి 20 దాకా పెరిగింది కాబట్టి సగటు 10, పని 1 జౌల్.

మన తిరుపతి పిల్లలను ఇలా అడిగి చూడండి: తిరుమలకు అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2388, గురుత్వానికి ఎదురుగా ఎక్కువ పని ఎటు? మెట్ల సంఖ్యతో ఇది తేలదు. దారి మొదలయ్యే చోటికీ కొండ పైకీ నిలువు ఎత్తు తేడా కావాలి. 60 కిలోల మనిషి 700 మీటర్లు పైకెక్కితే సుమారు 4.1 లక్షల జౌళ్లు. మోకాళ్ల పర్వతం దగ్గర పట్టే చెమట వేరే ఖాతా.

సాధించిన ఉదాహరణను చదివి తలూపితే ఏమీ రాదు. సాధన మీద కాగితం కప్పి, బొమ్మ గీసి, సొంతంగా రాయాలి. ఆగిన చోట ఒక్క వరుస మాత్రం తెరిచి చూడాలి. యూనిట్లు మొదటి వరుసలోనే మార్చుకోవాలి. గంటకు 72 కిలోమీటర్లను సెకనుకు 20 మీటర్లుగా మార్చకుండా గతిజశక్తి కడితే, అందులో వేగం వర్గం ఉంటుంది కాబట్టి, జవాబు దాదాపు 13 రెట్లు తప్పుతుంది.

కాబట్టి మీ చదువుల పేజీలో పట్టిక స్థలంలో వారానికి ఒక లెక్క వేయండి. ఒక రోజు ప్రశ్న, బొమ్మ గీసుకోవడానికి ఖాళీ. మర్నాడు సాధన, వాడిన ప్రతి ఫార్ములా పక్కన దాని షరతు.

– భౌతికశాస్త్ర అధ్యాపకులు, తిరుపతి