పేరు తెలియని ఆ సిస్టరుగారికి కృతజ్ఞతలు

శివరాత్రి వెళ్లిన వారంలో మా ఆడపడుచు కొడుకు, నాలుగేళ్లవాడు, ఒక మధ్యాహ్నమంతా నా ఒడిలో తల పెట్టుకుని పడుకున్నాడు. మరునాటికి వాడి వీపు మీద నీటి పొక్కులు లేచాయి. చూడగానే మా అత్తగారు ఆటలమ్మ అన్నారు. నేను అప్పుడు కడుపుతో ఉన్నాను, 17వ వారం. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది అంటుకుంటుందని తెలిశాక ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

ఆరోగ్య కేంద్రం వరుసలో ఏడుస్తూ నిలబడ్డ నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టిన సిస్టరుగారూ, మీ పేరు అడగాలన్న ధ్యాస కూడా నాకు ఆనాడు లేకపోయింది. “చిన్నప్పుడు నీకు పోసిందా అమ్మా? మీ అమ్మగారిని అడుగు” అని అక్కడికక్కడే ఫోను చేయించారు. రెండో తరగతిలో పోసిందనీ, వేపాకు నీళ్లతో స్నానం చేయించామనీ, నా కనుబొమ పక్కనున్న చిన్న గుంట దానిదేననీ అమ్మ చెప్పింది. ఒకసారి వచ్చినవాళ్లకు సాధారణంగా మళ్లీ రాదని ధైర్యం చెబుతూనే, అంతటితో వదిలేయకుండా, రక్తంలో ఆ జబ్బును అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నాయో లేదో తేల్చే ఐజీజీ పరీక్ష పేరు ఓపీ చీటీ వెనుక రాసిచ్చారు. అవి లేకపోతే పిల్లవాడి దగ్గరున్న రోజు నుంచి 10 రోజుల లోపు, ఆ యాంటీబాడీలనే బయటి నుంచి ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ గురించి డాక్టరుగారు ఆలోచిస్తారనీ, ఆటలమ్మ టీకా మాత్రం కడుపుతో ఉండగా వేయరనీ ఓపికగా వివరించారు.

యాంటీబాడీలు ఉన్నాయనే రిపోర్టు వచ్చింది. మా పాపకు ఇప్పుడు మూడో నెల. మీరు రాసిచ్చిన చీటీని దాని టీకాల కార్డులోనే భద్రంగా దాచాను. మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.