కరువు సాయం గొడ్డు అమ్ముడుపోకముందే అందాలి

సంపాదకులకు నమస్కారం.

పల్నాడు మెట్ట ప్రాంతంలో ఖరీఫ్ ఎండిన ప్రతిసారీ కరువు మండలాల గురించి, పరిహారం గురించి మాటలు వినిపిస్తూనే ఉంటాయి గానీ, ఆ సాయం ఏ నెలలో, ఎవరి చేతికి అందుతోందన్న ప్రశ్న వెనకబడిపోతోంది. రైతు కుటుంబం ఊళ్లో నిలబడటమా, వలస పోవటమా అన్నది ఆ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

2023 ఆగస్టును 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశానికి అత్యంత పొడి ఆగస్టుగా వాతావరణ శాఖ తేల్చింది. మన రాష్ట్రంలో ఆ ఖరీఫ్‌కు 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించే నాటికి అక్టోబరు నెలాఖరైంది. ఈ నడిమి రెండు నెలల్లో ఏం జరుగుతుందో వినుకొండ వైపు మా బంధువుల ఊళ్లో ఆ ఏడు కళ్లారా చూశాను. కౌలుకు తీసుకున్న మూడెకరాల్లో మిరప నాటి, ట్యాంకరు నీళ్లు కొని మొక్క మొక్కకూ చెంబుతో పోసిన దంపతులు దసరాకు ముందే తమ రెండు గేదెలనూ అమ్మేశారు. మేత లేక డొక్కలు లోపలికి పోయిన గొడ్లకు బేరగాడు సగం ధర కూడా కట్టలేదు. పలుపుతాళ్లు మాత్రం విప్పుకొని పాక గుంజకు చుట్టుకున్నారు. పాల కేంద్రం నుంచి పదిహేను రోజులకోసారి వచ్చే డబ్బుతోనే ఆ ఇల్లు గడిచేది. రేషన్‌లో మనిషికి 5 కిలోల చొప్పున వచ్చే ఉచిత బియ్యం వల్ల అన్నానికి లోటు రాలేదు, నిజమే. ఆ అన్నంలోకి పప్పు, పిల్లలకు గ్లాసెడు పాలు మాత్రం ఆ నెల నుంచే కరువయ్యాయి. పంట మళ్లీ వేసుకోవచ్చు గానీ, పాడి పోయిన ఇల్లు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఇక ఎవరి చేతికి అన్న సంగతి. 33 శాతానికి పైగా పంట నష్టపోతే ఇచ్చే పెట్టుబడి రాయితీ విపత్తు సహాయ నిధి 2022-26 నిబంధనల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, అంటే ఎకరాకు సుమారు 3,400. మిరపకు కట్టే కౌలులో అది ఏ మూలకూ రాదు. అదైనా దున్నినవారికి దక్కాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి. 2019 చట్టం ప్రకారం దానికి భూయజమాని సంతకం తప్పనిసరి, గడువేమో 11 నెలలు. సంతకం పెడితే పొలం మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు వెనకాడతారు. అడిగితే వచ్చే ఏడు కౌలుకే ఇవ్వరేమోనని కౌలు రైతు నోరు మెదపడు. గ్రామ సచివాలయ సిబ్బంది, ఇరుగుపొరుగు రైతులు పొలంలోనే సాగును ధ్రువీకరిస్తే పరిహారం ఇవ్వాలి; దానికీ, భూమి హక్కుకూ ఏ సంబంధమూ లేదని ప్రభుత్వం యజమానులకు నచ్చజెప్పాలి.

గడ్డి విషయంలో మాత్రం పరిష్కారం మన కాళ్ల దగ్గరే ఉంది. 1832-33లో గుంటూరు సీమ జనాన్ని ఊడ్చిపెట్టిన నందన కరువు తరవాతే బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట ఆలోచన బలపడి, 1855 నాటికి అది పూర్తయింది. ఆ నీటితో పండే తెనాలి, రేపల్లె పొలాల్లో యంత్రంతో కోతలయ్యాక వరిగడ్డిని కొందరు అక్కడే తగలబెడుతున్నారు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ గడ్డిని మోపులు కట్టించి, గిట్టుబాటు ధరకు కొని, వినుకొండ, బొల్లాపల్లి వంటి మెట్ట మండలాల్లో వాములుగా నిల్వ చేయిస్తే, మరుసటి ఆగస్టులో వాన ముఖం చాటేసిన కొద్ది వారాలకే రైతు పాకలో మేత పడుతుంది. కరువు ప్రకటన జీవో కోసం గొడ్డు ఆకలితో ఆగదు కనుక, వరుసగా మూడు వారాలు వాన పడని మండలంలో ప్రకటనతో పని లేకుండానే మేత పంపిణీ చేసే అధికారాన్ని కలెక్టర్లకు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఈ ఏడు కోతలు మొదలయ్యేలోగానే గడ్డి కొనుగోలుకు ఉత్తర్వులు రావాలి.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు