తాపీ పని కూలి పని కాదు

సంపాదకుడు గారికి,

"మంచి మేస్త్రీ దొరకడం లేదండీ" అని ఇల్లు కట్టుకునేవాళ్లంతా అంటున్నారు. ఆ కొరత ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. ఏసీ గదిలో కూర్చుంటే ఉద్యోగం, ఎండలో నిలబడితే కూలి అన్న లెక్క మన హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో స్థిరపడిపోయింది. మేస్త్రీ కొడుకు ఇంటర్ కాగానే బండి తీసుకుని డెలివరీకి వెళుతున్నాడు. అదీ ఎండలో కష్టమే. కానీ సంబంధం చూడటానికి వచ్చినవాళ్లకు ఒక కంపెనీ పేరు చెప్పుకోవచ్చు. తాపీ పని అంటే పిల్లనివ్వడానికి వెనకాడుతున్నారు.

ఇది కూలి పనే అనుకునేవాళ్లు ఒక్క పూట తొమ్మిదంగుళాల గోడ లేచే చోట నిలబడి చూడాలి. ముందు ఇటుక సంగతి. ఎర్ర ఇటుకను నీళ్ల తొట్టిలో వేస్తే బుడగలు లేస్తాయి. అవి ఆగేదాకా తీయకూడదు. పొడి ఇటుక పెడితే మాలులోని, అంటే సిమెంటు, ఇసుక కలిపిన ముద్దలోని నీళ్లన్నీ అదే పీల్చేస్తుంది. సిమెంటు గట్టిపడటానికి నీళ్లు చాలక, ఆరాక గోటితో గీకితే పొడిపొడిగా రాలుతుంది. మాలులో ఒక పాలు సిమెంటుకు ఇసుక తొమ్మిదంగుళాల గోడకైతే ఆరు పాళ్లు, నాలుగున్నర అంగుళాల అడ్డగోడకైతే నాలుగు. నీళ్లు పోశాక రెండు గంటల్లో వాడేయాలి. మధ్యాహ్నం భోజనాలకు వెళ్లొచ్చేసరికి బిగిసిన మాలులో మళ్లీ నీళ్లు పోసి మెత్తన చేస్తే చూడటానికి బాగానే ఉంటుంది, బలం మాత్రం పోతుంది. అలాంటి మాలును అవతల పారబోయించే అధికారం మేస్త్రీకి ఉండాలి. రోజుకూలి మనిషిగా చూస్తే ఆ మాట ఆయన నోట రాదు.

గోడలో అసలు విద్య మూల దగ్గర ఉంది. రెండు మూలలూ ముందు లేపి, దారానికి కట్టిన గుండు వేసి నిలువు, రసమట్టం పెట్టి అడ్డం, మూలమట్టంతో కోణం చూసుకుని, ఆ మూలల మధ్య దారం లాగి వరసలు నింపుతారు. పై వరస ఇటుకల సందు కింది వరస సందు మీదకు రాకూడదు. మాలు మందం పది మిల్లీమీటర్లు దాటకూడదు. మూడు మీటర్ల ఎత్తుకు ఆరు మిల్లీమీటర్లకు మించి గోడ వాలకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఒక్క రోజులో మీటరున్నర మించి లేపకూడదు. లేపితే పచ్చి మాలు పై బరువుకు నలిగి గోడ పక్కకు జరుగుతుంది. చేతికింద మాలు కలుపుతూ, ఇటుక అందిస్తూ మొదలైన కుర్రాడికి మూల పట్టుకునే చెయ్యి రావాలంటే నాలుగైదేళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో అతనికి దక్కేది తక్కువ కూలి, దానికి తోడు "ఒరేయ్" అన్న పిలుపు. మధ్యలోనే మానేస్తే తప్పు అతనిదా?

మనం డబ్బు ఇచ్చే పద్ధతి ఇంకో దెబ్బ. చదరపు అడుగుకు ఇంత అని గుత్తకు ఇస్తే ఎన్ని అడుగులు లేచాయన్నదే లెక్క. కట్టిన గోడను రోజూ తడపడానికి పైసా లేదు. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీకి పది రోజులు తడి ఆరకుండా ఉంచాలి. సంచి మీద ఏది రాసి ఉందో చూసేవాళ్లే తక్కువ. పొద్దున ఒకసారి పైపుతో చల్లి వదిలేస్తే మన ఎండలకు గంటలో ఆరిపోతుంది. గోనెపట్టాలు కప్పి తడపాలి. ప్లాస్టరింగ్‌లో తొందర మరీ ఎక్కువ. నున్నగా రావాలని పచ్చి పూత మీద పొడి సిమెంటు చల్లి రుద్దుతారు. ఆర్నెల్లు తిరక్కుండా సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు తేలుతాయి. పిల్లరూ గోడా కలిసేచోట ప్లాస్టరింగ్‌కు ముందు చికెన్ మెష్ (సన్నని తీగ వల) కొట్టకపోతే అక్కడ నిలువు గీత ఖాయం. బాత్రూం నేలకు అడుగుకు పావంగుళం వాటం (వాలు) ఇవ్వకపోతే నీళ్లు మూలల్లో నిలుస్తాయి. ఇవన్నీ తెలిసిన మేస్త్రీకీ, తెలియని మేస్త్రీకీ మనం ఇచ్చేది ఒకటే రేటు.

1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ డ్యామ్ రాతి కట్టడం. దాదాపు 124 మీటర్ల ఎత్తుకు రాయి మీద రాయి పేర్చింది మనుషుల చేతులే. పాలమూరు కూలీలు అని వాళ్లను ఇవాళ్టికీ ఒక జిల్లా పేరుతోనే తలుస్తాం తప్ప నిపుణులు అనం.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం నా ఉద్దేశం కాదు. హైదరాబాద్‌లో నిర్మాణ పనుల్లో శిక్షణ ఇచ్చే న్యాక్ (జాతీయ నిర్మాణ అకాడమీ) 1998 నుంచి ఉంది. ఐటీఐల్లో మేసన్ ట్రేడు ఉంది. పని వచ్చినవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైన కేంద్ర నైపుణ్య శిక్షణ పథకం, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో వచ్చింది. నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం తెచ్చిన 1996 చట్టాల కింద నిర్మాణ వ్యయం మీద 1 శాతం సెస్సూ వసూలు చేశారు. కావలసింది ఆ పరీక్షకు విలువ రావడం. ప్రశ్నాపత్రంతో సరిపెట్టకుండా, మూలతో సహా ఒక మీటరు గోడ కట్టించి గుండు వేసి చూడాలి. పాసైనవాళ్లకు ప్రభుత్వ పనుల రేట్లలో వేరే గ్రేడు, వేరే కూలి ఉండాలి. నేర్పడానికి డిగ్రీ అడక్కుండా ముప్పై ఏళ్లు పని చేసిన మేస్త్రీలను పిలవాలి. నేర్చుకునే కుర్రాళ్లకు ఆ నాలుగైదేళ్లూ సెస్సు నిధి నుంచి నెలనెలా భత్యం ఇవ్వాలి. ఒప్పందాల్లో తడిపే పనిని రోజుల లెక్కన విడిగా రాసి, విడిగా డబ్బు చూపాలి.

గృహప్రవేశం నాడు మేస్త్రీకి బట్టలు పెట్టడం మన ఆచారం. అపార్టుమెంట్లు వచ్చాక గోడ కట్టిందెవరో ఫ్లాటు కొన్నవాళ్లకు తెలియడం లేదు. ప్లాను మీద ఇంజనీరు, ఆర్కిటెక్టు సంతకాలు ఎలాగూ ఉంటాయి. సైటు ముందు పెట్టే బోర్డు మీద వాళ్ల పేర్ల కింద తాపీ మేస్త్రీ పేరు, అతని గ్రేడు కూడా రాయాలని పురపాలక శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇట్లు,
ఒక సివిల్ సైట్ సూపర్‌వైజర్,
గుంటూరు