మిర్రర్ ఉంది కదా అని వదిలేస్తే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

డేటా పోకుండా ఏం చేయాలి అని మీ టెక్నాలజీ పేజీలో రాసినప్పుడల్లా రెండు డిస్కులు మిర్రర్ పెట్టుకోండి (అంటే ఒకే డేటా రెండిట్లోనూ రాసేలా), ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది అని చెప్పి ఆపేస్తున్నారండి. అది నిజమే కానీ సగమే. డిస్కులు రెండూ బాగానే ఉండి వాటిలో ఉన్నది మాత్రం ఒకదానితో ఒకటి కలవకపోతే పరిస్థితేంటో కూడా జనానికి చెప్పాలి కదా.

రైట్, అంటే డిస్కులో రాయమని సిస్టం ఇచ్చే పని, రెండు డిస్కులకీ వెళ్తుంది గానీ రెండూ సరిగ్గా ఒకే క్షణంలో రాయవు, ఒకటి రాసేసి రెండోది ఇంకా రాయకముందే కరెంటు పోయిందంటే ఆ చోట ఒకదాంట్లో కొత్తది, ఇంకోదాంట్లో పాతది ఉండిపోతాయి. బిట్‌మ్యాప్ అనే గుర్తుల పట్టిక లేకపోతే ఆ చోటు ఎక్కడో సిస్టంకి గుర్తుండదు కాబట్టి మళ్ళీ ఆన్ అయ్యాక మొదటినుంచి చివరిదాకా మొత్తం కాపీ చేసుకుంటూ కూర్చుంటుంది. 4 టీబీ డిస్కు సెకనుకి 150 ఎంబీ చొప్పున ఎక్కడా ఆగకుండా పోయినా 7 గంటలు దాటుతుంది. నేను చూసే సర్వర్‌లో ఇదే జరిగింది, రైట్లు కాస్త స్పీడుగా ఉంటాయని బిట్‌మ్యాప్ తీసేసింది నేనే, ఆ రోజు ఎండీస్టాట్ (లైనక్స్‌లో మిర్రర్ పరిస్థితి చూపించే ఫైలు) తెరిచి రీసింక్, అంటే ఆ కాపీ పని, 3 శాతం, 4 శాతం అని కదులుతుంటే చూస్తూ ఉండడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు, ఈలోపు ఇంకో డిస్కు మొరాయిస్తే ఏంటనే భయం ఒకటి.

బిట్‌మ్యాప్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదండి. డిస్కుని 64 ఎంబీ ముక్కలనుకుని ఒక్కో ముక్కకి ఒక్కో బిట్, ఆ ముక్కలో ఏదైనా రాసే ముందే ఆ బిట్‌కి టిక్ పెట్టేస్తారు, రెండు డిస్కుల్లోనూ రాయడం అయ్యాక కాసేపు ఆగి తీసేస్తారు. 4 టీబీకి దాదాపు 60 వేల బిట్లు, అంటే 8 కేబీ కూడా కాదు! కరెంటు పోయి వచ్చాక టిక్ ఉన్న ముక్కలు మాత్రమే కాపీ అవుతాయి, గంటల పని చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది. వెరిటాస్ పేరుతో వచ్చిన డిస్కుల సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటిదాన్నే డర్టీ రీజియన్ లాగ్ అన్నారు. నెట్‌వర్క్ మీద మిర్రర్ చేసే డీఆర్‌బీడీలో అయితే 4 కేబీకి ఒక బిట్, 1 టీబీకి 32 ఎంబీ. ముక్క చిన్నదైతే టిక్కులు పెట్టే పని పెరుగుతుంది, పెద్దదైతే అక్కర్లేనిది కూడా కాపీ అవుతుంది, నా మటుకు 64 ఎంబీతో ఏ ఇబ్బందీ రాలేదు.

కానీ అసలు చెప్పాల్సింది ఇంకోటుంది. ఈ టిక్కులు తేడా ఎక్కడ ఉండొచ్చో చెప్తాయి గానీ రెండిట్లో ఏది కరెక్టో చెప్పవు. కరెంటు పోయినప్పుడు ఆ రైట్ పూర్తయిందని ఎవరికీ మాట ఇవ్వలేదు కాబట్టి ఏ కాపీ తీసుకున్నా ఫర్వాలేదు. అదే డిస్కు తనంతట తాను చెడు డేటా ఇస్తే అక్కడ రైటే జరగలేదు, టిక్ ఎక్కడిది? దానికోసం రెండు డిస్కులనీ పోల్చి చూసే చెక్ నడపాల్సిందే, లైనక్స్‌లో అది అయ్యాక ఎంత మేర తేడా ఉందో చెప్పే మిస్‌మ్యాచ్ కౌంట్ చూడాలి, డెబియన్ అనే లైనక్స్ రకంలో నెలకోసారి దానంతటదే నడిచేలా పెట్టారు కూడా. నాకు ఒకసారి 128 అని వచ్చింది. అవి సెక్టార్లు (ఒక్కోటి 512 బైట్లు), అంటే 64 కేబీ, అయితే రెయిడ్ 1లో (మిర్రర్‌కే ఇంకో పేరు) ఒక్క సెక్టారు తేడా ఉన్నా అది ఉన్న 64 కేబీ ముక్క మొత్తం లెక్కేస్తుంది కాబట్టి ఆ నంబర్ చూసి అంత పోయిందని అనుకోకూడదు, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) మిర్రర్ మీద ఉంటే ఏ నష్టం లేకుండా కూడా వస్తుంది. కంగారుపడి రిపేర్ కమాండ్ కొట్టారో, ఒక డిస్కులో ఉన్నదాన్నే రెండోదాని మీద రాసేస్తుంది, ఆ మొదటిదే చెడ్డదైతే మంచి కాపీ కూడా పోయినట్టే. ముందు బ్యాకప్‌తో పోల్చుకోండి. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లలో ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టించే లెక్క) ఉంటుంది కాబట్టి ఏది మంచిదో అవే తేల్చుకుంటాయి.

ఈసారి మిర్రర్ గురించి రాసేటప్పుడు బిట్‌మ్యాప్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోమని, నెలకోసారి ఆ కౌంట్ చూడమని, చూడకుండా రిపేర్ కొట్టొద్దని ఒక్క మాట వేయండి సర్.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక సర్వర్ అడ్మిన్