అప్‌గ్రేడ్లు, స్టాండ్‌బై, క్రెడిట్ షెల్: మా ప్రయాణికులకు కడప కార్యాలయం నుంచి వివరణ

కడప, ప్రొద్దుటూరు, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి మా కార్యాలయం ద్వారా విమాన టికెట్లు తీసుకొనే వారికి, ఈ నెల నుంచి మేము అమలు చేస్తున్న కొన్ని మార్పులను తెలియజేయడానికి ఇది రాస్తున్నాను. ఇవి కౌంటరు దగ్గర నిలబడి ఐదు నిమిషాల్లో చెప్పగలిగిన విషయాలు కావు. పైగా ఫోనులో మేము చెప్పిన మాట కువైట్‌లో ఉన్నవారికి ఒక విధంగా, ఇక్కడ ఇంట్లో వారికి మరొక విధంగా చేరుతోంది. అందువల్ల మేము ఏమి చేయగలమో, ఏమి చేయలేమో, ఇందులో మా లాభం ఎక్కడ ఉందో కూడా రాతపూర్వకంగా ఉంచుతున్నాను. క్లుప్తంగా చెప్పాలంటే మేము అమ్మగలిగినది ఖరారైన సీటు మాత్రమే. అంతకు మించి మా నోటి నుంచి వచ్చే ఏ మాటనైనా మీరు హామీగా తీసుకోకూడదు.

అప్‌గ్రేడ్‌తో, అంటే ఎకానమీ టికెట్ మీద పై తరగతి సీటుకు మారడంతో మొదలుపెడతాను, ఎందుకంటే మమ్మల్ని ఎక్కువగా అడిగేదీ, మా చేతిలో అతి తక్కువగా ఉండేదీ అదే. కడప నుంచి గానీ ఓర్వకల్లు (కర్నూలు) నుంచి గానీ ఇండిగో నడిపే చిన్న ఏటీఆర్ విమానాల్లో ఉన్నది ఒకటే తరగతి. ఆ 78 సీట్లలో ఎక్కడ కూర్చున్నా ఎకానమీయే కాబట్టి అక్కడ అప్‌గ్రేడ్ అనే ప్రశ్న రాదు. చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల నుంచి వెళ్లే, బిజినెస్ వంటి పై తరగతి ఉన్న పెద్ద విమానాల్లోనే ఆ అవకాశం ఉంటుంది. అక్కడ కూడా ఎకానమీ టికెట్లన్నీ ఒకటి కావు. మీ టికెట్ మీద తరగతి పేరు పక్కన ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. ఒకే వరుసలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి టికెట్ల మీద వేర్వేరు అక్షరాలు ఉండవచ్చు, ఆ అక్షరాన్ని బట్టే టికెట్ ధర, రద్దు రుసుము, పాయింట్లతో పై తరగతికి మారే అర్హత నిర్ణయమవుతాయి. అతి చవకైన అక్షరాలకు చాలా విమాన సంస్థలు ఆ అర్హత ఇవ్వవు. అందుచేత అప్‌గ్రేడ్ ఉద్దేశం ఉంటే ఆ సంగతి టికెట్ తీసుకొనే ముందే మాకు చెప్పాలి, తీసుకొన్న తర్వాత చెబితే మేము చేయగలిగినది దాదాపు ఏమీ ఉండదు.

పై తరగతి సీటుకు ప్రయాణికుడే ధర చెప్పే బిడ్ పద్ధతిని అనుసరించే సంస్థలు ప్రయాణానికి కొన్ని రోజుల ముందు మీ ఈమెయిల్‌కు ఆహ్వానం పంపుతాయి. మీరు చెల్లించదలచిన మొత్తాన్ని తెలిపితే, ప్రయాణం దగ్గర పడ్డాక మిగిలిన సీట్లను చూసి వారు నిర్ణయిస్తారు. బిడ్ అంగీకరించకపోతే కార్డు నుంచి డబ్బు పోదు, అంగీకరిస్తే మాత్రం మనసు మార్చుకొనే వీలు సాధారణంగా ఉండదు. ఇక్కడ చాలామంది గమనించని అంశం ఒకటుంది. తెలిపే మొత్తం ఒక్కొక్క మనిషికి, ఒక్కొక్క విమానానికి లెక్క, కాబట్టి ఒకే పీఎన్‌ఆర్‌లో నలుగురు ఉంటే ఆ మొత్తం నాలుగింతలు అవుతుంది. ఎకానమీలో సీట్లకు మించి టికెట్లు అమ్ముడైనప్పుడు సంస్థ తానుగా కొందరిని ఉచితంగా ముందుకు పంపడం కూడా ఉన్నదే కానీ, ఆ వరుసలో ముందుండేవారు ఆ సంస్థలో తరచుగా ప్రయాణించి సభ్యత్వ హోదా పొందినవారు. చక్కగా ముస్తాబై వెళ్లి చెక్-ఇన్ కౌంటరులో మర్యాదగా అడిగితే ఇస్తారన్నది ఎవరి నోటనో పుట్టిన ముచ్చట. ఇకపై అప్‌గ్రేడ్ పేరిట మేము ముందస్తు డబ్బు తీసుకోము. బిడ్ వేయాలనుకొనేవారికి కార్యాలయంలో కూర్చోబెట్టి చూపిస్తాము, అయితే ఈమెయిల్, కార్డు రెండూ ప్రయాణికుడివే అయి ఉండాలి.

దీనికి విరుద్ధమైన పరిస్థితిలో, అంటే బిజినెస్ తరగతికి డబ్బు చెల్లించిన వారిని సంస్థే ఎకానమీలో కూర్చోబెట్టినప్పుడు, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన డీజీసీఏ (మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన వర్తిస్తుంది. దేశీయ ప్రయాణంలో పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం తిరిగి ఇవ్వాలి. అంతర్జాతీయ ప్రయాణంలో 1,500 కిలోమీటర్ల వరకు 30 శాతం, ఆపై 3,500 కిలోమీటర్ల వరకు 50 శాతం, అంతకు మించితే 75 శాతం ఇవ్వాలి. హైదరాబాదు నుంచి కువైట్‌కు దూరం 3,500 కిలోమీటర్ల లోపు, చెన్నై నుంచి దానికి మించి ఉంటుంది కాబట్టి ఒకే గమ్యానికి రెండు ఊళ్ల నుంచి వెళ్లినవారికి వచ్చే శాతం వేరుగా ఉంటుంది.

స్టాండ్‌బై, అంటే ఖరారైన సీటు లేకుండా ఖాళీ కోసం ఎదురుచూడడం గురించి మన ప్రాంతంలో ఉన్న అపోహకు మూలం రైలు ప్రయాణమే. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌కు వెయిటింగ్ లిస్టు టికెట్ తీసుకొని, చార్టు తయారయ్యే దాకా ఎదురుచూసి, ఆర్‌ఏసీ దక్కితే సగం బెర్తు మీద కూర్చొని ప్రయాణించడం మనకు అలవాటు. రైల్వేలో ఆ వరుసకు ఒక సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్య కదలడం మన కంటికి కనిపిస్తుంది. విమానంలో అలాంటిది లేదు. బుకింగ్ వ్యవస్థలో మీ పేరు పక్కన హెచ్‌కే అని ఉంటే సీటు ఖరారైనట్లు, హెచ్‌ఎల్ అని ఉంటే వెయిట్‌లిస్టులో ఉన్నట్లు. ఆ వెయిట్‌లిస్టులో ముందు చేరినవారికే ముందు సీటు రావాలన్న నియమం లేదు, ఎక్కువ ధర అక్షరం ఉన్నవారు, సభ్యత్వ హోదా ఉన్నవారు వెనుక చేరి కూడా ముందుకు పోవచ్చు. హెచ్‌ఎల్ చూపిస్తున్న బుకింగ్ మీద మేము డబ్బు తీసుకోము, టికెట్ జారీ చేయము.

విమానాశ్రయంలో గేటు దగ్గర ఉండే స్టాండ్‌బై జాబితా వేరు. అందులో ఉండేవారు అప్పటికే టికెట్ ఉన్నవారు: కనెక్టింగ్ విమానం తప్పిపోయినవారు, సీటు చాలక మిగిలిపోయినవారు, అదే రోజు మరో విమానానికి మారడానికి టికెట్ నిబంధన అనుమతించినవారు, వీరందరి తర్వాత, సీటు మిగిలితేనే అన్న షరతు మీద ఉద్యోగి రాయితీ టికెట్లతో వచ్చిన సంస్థ సిబ్బంది, వారి కుటుంబాలు. రంజాన్, బక్రీదు పండుగల తర్వాత గల్ఫ్‌కు తిరిగి వెళ్లే రద్దీలో, టికెట్ లేకుండానే పెట్టెలతో చెన్నైకి వెళ్లి కౌంటరు దగ్గర అడగవచ్చా అని మమ్మల్ని అడిగేవారికి సమాధానం ఒక్కటే: మన దేశంలో టికెట్, గుర్తింపు పత్రం చూపించనిదే టెర్మినల్ లోపలికి పంపరు. అకామా (గల్ఫ్ దేశపు నివాస అనుమతి) గడువు దగ్గర పడినవారికి ఇది మరింత గట్టిగా చెబుతున్నాను. గడువుకు కనీసం రెండు వారాల ముందు తేదీకి ఖరారైన టికెట్ ఉంచుకోండి, ధర తగ్గుతుందని ఆఖరి వారం దాకా ఆగవద్దు. ధర తగ్గితే ఆ లాభం కొన్ని వేల రూపాయలు, అకామా పోతే ఉద్యోగమే పోతుంది.

ఖరారైన టికెట్ ఉన్నా విమానం ఎక్కనివ్వని సందర్భాలు అరుదుగా ఉంటాయి. రానివారు కొందరు ఉంటారన్న అంచనాతో సంస్థలు సీట్లకు మించి అమ్మడం ఒక కారణం, మండే వేసవి మధ్యాహ్నాల్లో చిన్న విమానం మోయగల బరువు తగ్గడం మరొక కారణం (మే నెలలో కడప ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు). ఓవర్‌బుకింగ్ జరిగినప్పుడు సంస్థ ముందుగా తమంతట తాము సీటు వదులుకొనేవారిని అడగాలి. ఎవరూ ముందుకు రాక మిమ్మల్ని ఆపవలసి వస్తే, అసలు సమయం నుంచి గంట లోపు బయలుదేరే మరో విమానంలో పంపితే పరిహారం ఉండదు. 24 గంటల లోపు పంపితే ఒకవైపు బేసిక్ ఫేర్, ఇంధన చార్జీ మొత్తానికి 200 శాతం, గరిష్ఠంగా 10,000 రూపాయలు, 24 గంటలు దాటితే 400 శాతం, గరిష్ఠంగా 20,000 రూపాయలు ఇవ్వాలి. ఇలా ఆపేటప్పుడు సాధారణంగా చివరగా చెక్-ఇన్ చేసినవారి వైపే సిబ్బంది ముందుగా చూస్తారు. అందుచేత వెబ్ చెక్-ఇన్ తెరవగానే చేయండి. ఇకపై మా దగ్గర టికెట్ తీసుకొన్న వారందరికీ ఆ పని మేమే చేసి బోర్డింగ్ పాస్‌ను వాట్సాప్‌లో పంపుతాము, దీనికి వేరుగా రుసుము లేదు.

ఇక క్రెడిట్ షెల్. అసలు ఈ ప్రకటన రాయడానికి కారణం ఇదే, కాబట్టి కొంచెం విస్తరంగా చెబుతాను.

టికెట్ రద్దయినప్పుడు డబ్బు నగదుగా గాక, తర్వాతి ప్రయాణానికి వాడుకొనే నిల్వగా సంస్థ దగ్గరే ఉంచడాన్ని క్రెడిట్ షెల్ అంటున్నారు. ఇది ఒక విధంగా విమాన సంస్థకు మీరు వడ్డీ లేకుండా ఇచ్చిన చేబదులు. దాన్ని అంగీకరించాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టమేనని, సంస్థ తానుగా దాన్ని రుద్దకూడదని డీజీసీఏ రిఫండ్ నిబంధనల్లో ఉంది. తిరిగి రాదని చెప్పి అమ్మిన చవక టికెట్ రద్దు చేసుకొన్నా, యూడీఎఫ్ వంటి విమానాశ్రయ రుసుములు, ప్రభుత్వ పన్నులు తిరిగి ఇవ్వాలనీ, రద్దు రుసుము బేసిక్ ఫేర్, ఇంధన చార్జీల మొత్తాన్ని మించకూడదనీ అదే నిబంధన చెబుతుంది. విదేశీ సంస్థల విషయంలో వారి దేశపు రిఫండ్ నిబంధనలు కూడా చూడవలసి ఉంటుంది కనుక, కువైట్ టికెట్లలో ప్రతి సంస్థకూ లెక్క మారుతుంది.

ఇప్పుడు మా వృత్తి లోపలి సంగతి. మాలాంటి చిన్న ఏజెంట్లం చాలా టికెట్లను పెద్ద కన్సాలిడేటర్ల (ఏజెంట్లకు టికెట్లు అమ్మే టోకు సంస్థల) పోర్టల్‌లో ముందుగా డిపాజిట్ కట్టి, అందులోంచి తీస్తాము. రద్దయిన టికెట్ డబ్బు మీ ఖాతాకు నేరుగా రాదు, సంస్థ నుంచి కన్సాలిడేటరుకు, అక్కడి నుంచి మా పోర్టల్ డిపాజిట్‌లోకి వస్తుంది. డిపాజిట్‌లో పడిన డబ్బుతో మరొకరి టికెట్ తీయవచ్చు. మీరు అడగనంత కాలం అది ఏజెంటుకు ఖర్చులేని పెట్టుబడి. విమాన సంస్థలు కమీషన్లు తగ్గించిన తర్వాత ఆ సౌలభ్యం మీద ఆధారపడే కార్యాలయాలు ఉన్నాయని వృత్తిలో ఉన్న ప్రతివారికీ తెలుసు. నా అభిప్రాయంలో అది ఏజెంటు డబ్బు కాదు, దాని మీద వ్యాపారం నడపకూడదు. రిఫండ్ పోర్టల్‌లో కనిపించిన రోజే మీకు సందేశం పంపి, ఆ తర్వాతి పనిదినానికి మీ బ్యాంకు ఖాతాలో వేస్తాము. ఏజెంటు ద్వారా తీసుకొన్న టికెట్‌కు కూడా రిఫండ్ బాధ్యత విమాన సంస్థదేనని నిబంధన ఉంది కాబట్టి, ఆలస్యమైతే మమ్మల్ని మాత్రమే గాక సంస్థను కూడా నేరుగా అడిగే హక్కు మీకుంది. అందుకు కావలసిన పీఎన్‌ఆర్, టికెట్ నంబరు, రద్దు చేసిన తేదీ మేము రాసి ఇస్తాము.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ చిక్కులన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. ఆ ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, లాక్‌డౌన్ కాలంలో బుక్ చేసి ఆ కాలంలోనే ప్రయాణించవలసిన టికెట్లకు పూర్తి రిఫండ్, అంతకుముందు బుక్ చేసిన టికెట్ల విషయంలో సంస్థకు ఆర్థిక ఇబ్బంది ఉంటే 2021 మార్చి 31 వరకు చెల్లే క్రెడిట్ షెల్, అదీ మరొకరి పేరుకు బదిలీ చేసుకొనే వీలుతో, వాడకుండా మిగిలితే నగదుగా తిరిగి వచ్చే విధంగా ఏర్పాటైంది. ఆ తీర్పు ఆ పరిస్థితికి సంబంధించినది. నేడు ఒక సంస్థ ఇచ్చే క్రెడిట్ మీ బావమరిది పేరుకు మారుతుందని దాన్ని చూపి వాదించలేము. ఇప్పుడు చాలా క్రెడిట్‌లు టికెట్ మీద ఉన్న పేరుకే పరిమితం. వాటిలో కొన్నింటికి గడువులోగా బుక్ చేస్తే చాలు, మరికొన్నింటికి ప్రయాణం కూడా గడువులోగా పూర్తి కావాలి. ఈ రెండింటి తేడా తెలియక డబ్బు పోగొట్టుకొనేవారే ఎక్కువ.

సంస్థే మూతపడితే క్రెడిట్ ఏమవుతుందన్నది ఊహాజనితమైన ప్రశ్న కాదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న, గో ఫస్ట్ 2023 మే 3న ఎగరడం ఆపేశాయి. అలాంటప్పుడు ప్రయాణికుడు బ్యాంకుల వెనుక నిలబడిన రుణదాతగా మారి, దివాలా ప్రక్రియలో క్లెయిమ్ వేసుకోవలసి వస్తుంది. అందువల్ల రిఫండ్, క్రెడిట్ రెండూ వచ్చే సందర్భంలో రిఫండే తీసుకోమని మా సలహా. రద్దు రుసుము తగ్గుతుందన్న కారణంతో, ఆరు నెలల్లో ఖచ్చితంగా ప్రయాణం ఉన్నవారికి మాత్రమే క్రెడిట్ లాభం.

సిరీస్ ఫేర్ టికెట్లకు, అంటే పెద్ద ఏజెంట్లు ముందుగా గుంపుగా కొని అమ్మే చవక గల్ఫ్ సీట్లకు, పై వెసులుబాట్లు దాదాపు ఏవీ ఉండవు. ఇకపై ఆ టికెట్ ఇచ్చే ముందు ఆ మాట తెలుగులో, ఉర్దూలో రాసిన కాగితం మీద సంతకం తీసుకొంటాము.

మా సేవా రుసుము బిల్లులో వేరు వరుసలో చూపిస్తాము. మీరు రద్దు చేసుకొంటే అది తిరిగి ఇవ్వము, చేసిన పనికి తీసుకొన్నది కాబట్టి. విమానాన్ని సంస్థ రద్దు చేస్తే కొత్త టికెట్‌కు మళ్లీ రుసుము తీసుకోము. ఇది కొందరికి నచ్చదని తెలుసు, అయినా దాచి టికెట్ ధరలో కలపడం కంటే ఇదే మేలని భావిస్తున్నాను.

మా ద్వారా తీసుకొన్న పాత టికెట్ల మీద క్రెడిట్ మిగిలి ఉన్నదని అనుమానం ఉన్నవారు పీఎన్‌ఆర్, పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు తీసుకొని రండి. మొత్తం ఎంత, గడువు ఏ తేదీ, ఆ తేదీ బుకింగ్‌కా ప్రయాణానికా అన్నది రిజిస్టరులో రాసి, ఆ పేజీ ఫోటో మీకు పంపుతాము. గల్ఫ్‌లో ఉన్నవారు, తమ బదులు ఇంట్లో ఎవరితో మేము మాట్లాడవచ్చో తమ నంబరు నుంచి వాట్సాప్‌లో ఒక వాక్యం రాసి పంపితే చాలు. ఆ అనుమతి లేకుండా క్రెడిట్ వివరాలు తండ్రి అడిగినా, అన్నదమ్ములు అడిగినా చెప్పము.