చేత్తో వడికిన నూలు టోపీ

ఎడిటర్ గారికి,

మా నరసాపురంలో అల్లిక అంటే అందరికీ కొక్కెం సూదితో అల్లే క్రోషె లేసే గుర్తొస్తుంది, 2024లో దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, సంతోషమే. నేను మాత్రం రెండు సూదులతో స్వెటర్లు అల్లే మనిషిని. ఈ ఉక్కపోతలో స్వెటర్లేమిటని మా ఆడపడుచు నవ్వుతుంది, నిజమే, ధనుర్మాసం నెలరోజులే వాటికి పని.

ఈ ఏడాది పూర్తయినవన్నీ మంచం మీద పరిచి చూసుకున్నాను. మిల్లు ఊలువి నున్నగా, ఒకే తీరుగా ఉన్నాయి. తకిలీ అనే చిన్న చేతి కదురు మీద నేనే వడికిన నూలుతో అల్లిన టోపీ మాత్రం ఓ చోట లావు, ఓ చోట సన్నం, పైగా నూలుకి ఊలులా సాగి వెనక్కొచ్చే గుణం లేదు కదా, రెండుసార్లు ఉతికేసరికి అంచు వదులైపోయి మనవడి కళ్లమీదకి జారుతోంది. అంచు విప్పి సన్న సూదులతో మళ్లీ అల్లుదామంటే వాడు ఇవ్వనంటున్నాడు!

లేసుతో పాటు ఇలాంటి అల్లికల గురించీ అప్పుడప్పుడూ రాయండి.

ఒక పాఠకురాలు, నరసాపురం