బండి చలాన్లూ, నీ కొత్త అడ్రసూ

చిరంజీవి వంశీకి, అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. బాపు మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది. మాత్రలు వేసుకున్నానంటాడు, చూస్తే స్ట్రిప్ నిండుగా ఉంటుంది. రాణి రెండో కాన్పుకు వచ్చింది, పెద్దది ఇల్లు పీకి పందిరి వేస్తోంది. ఫోన్ చేస్తే నువ్వు "మీటింగ్‌లో ఉన్నానమ్మా, మళ్ళీ చేస్తా" అంటావు, ఆ హడావిడిలో నేను చెప్పాల్సింది మరిచిపోతాను. అందుకే రాస్తున్నా. పోస్టులో వేద్దామంటే అడ్రసు లేదు కాబట్టి కాగితాలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నా. అక్షరాలు కనిపించకపోతే పెద్దది చేసుకుని చదువు.

పెద్ద విషయమేమీ కాదు, బండి చలాన్ల సంగతి. కూకట్‌పల్లి ఓనరమ్మ ఫోన్ చేసి, నీ పేరు మీద పోస్టులో ఏదో కవరు వచ్చింది, ఎక్కడికి పంపాలి అని అడిగింది. "వాడికే ఇవ్వండమ్మా" అన్నాను. ఆమె కాసేపు ఆగి "ఖాళీ చేసి వెళ్ళారు కదండీ" అంది. నాకు ముందే తెలిసినట్టు "ఔనౌను, మరిచేపోయా" అన్నాను. ఇల్లు మారడం తప్పు కాదు బిడ్డా. అక్కడి కిరాయిలు ఎట్లా ఉన్నాయో నాకు తెలియదా?

ఆ కవరేమిటో చూద్దామని పోలీసుల ఈ-చలాన్ సైటులో నీ బండి నెంబరు కొట్టాను. నిమ్మకాయలు పెట్టి తొక్కించినదాన్ని, నెంబరు నాకు నోటికి వచ్చు. వరసగా వచ్చాయి. అందులో ఒకటి మాత్రం నీది కాదు. ఫొటోలో ఎర్ర స్కూటీ మీద ఎవరో పెద్దాయన ఉన్నాడు, నెంబరులో 3ని 8 అనుకున్నట్టున్నారు. అది కట్టకు, ఆ ఫొటో, నీ బండి ఫొటో పెట్టి కంప్లైంట్ రాయి. మిగతావన్నీ నువ్వే. ఆ నీలం చొక్కా దసరాకి నేను కొన్నదే. మోచెయ్యి దగ్గర కుట్టు విడిపోయినట్టుంది, ఫొటోలోనే తెలుస్తోంది.

ఒకటి ఉప్పల్ దగ్గర, మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు. ఇంకొకటి నాగోల్‌లో, రాత్రి పదకొండున్నరకు. మాదాపూర్ ఆఫీసు నుంచి అటు ఏం పని పడిందో అనుకున్నాను. ఏదో పడే ఉంటుంది. వెనక సీటు మీద చదరంగా పెద్ద సంచీ ఒకటి ఉంది, ఫ్రెండుదై ఉంటుంది.

అన్నిట్లోనూ హెల్మెట్ లేదు. అది మాత్రం ఫ్రెండుది అనడానికి లేదు. 2019లో చట్టం మార్చినప్పటి నుంచి హెల్మెట్ లేకపోతే 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్ అని రాసి ఉంది. పోలీసులు ఎంత వేశారన్నది వేరే మాట, నేను తల గురించి చెబుతున్నా.

డబ్బులు నేనే కట్టేద్దామనుకున్నాను. ఫోన్‌లో రెండు నిమిషాల పని. కానీ కట్టేస్తే లిస్టులోంచి పోతాయి కదా, ఉండనీలే అని వదిలేశా. నువ్వే కట్టుకో. డిస్కౌంట్ కోసం ఆగుతున్నావేమో, నాకు ఆ అనుమానం కూడా ఉంది. 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం తీసేశారు, 2023 డిసెంబరులో మళ్ళీ 80 శాతం అన్నారు, నిజమే. అప్పుడు ముందే కట్టినవాళ్ళందరూ మొహాలు మొహాలు చూసుకున్నారు. అలాగని ఎప్పుడో వస్తుందని కూర్చుంటే ఈలోపు చలాన్లు ఒక్కొక్కటిగా పెరుగుతూ పోతాయి, ప్రతి చలాన్ మీదా యూజర్ ఛార్జీ వేరే. ఇబ్బందిగా ఉంటే చెప్పు, పంపిస్తా. బాపుతో చెప్పాల్సిన పని లేదు.

అడ్రసు మార్పు సంగతి కూడా చూడు. ఇల్లు మారిన 30 రోజుల్లోగా ఆర్సీలో కొత్త అడ్రసు ఎక్కించమని చెప్పాలి, మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. దానికి ఫారం 33. ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, కొత్త ఇంటి అగ్రిమెంటు దగ్గర పెట్టుకో. అగ్రిమెంటు రాసుకున్నావా, లేక ఎవరితోనో కలిసి ఉంటున్నావా? ఆర్సీలో ఫోన్ నెంబరు కూడా సరిచెయ్యి, పాత సిమ్ముదే ఉన్నట్టుంది. మెసేజులన్నీ దానికే పోతుంటే చలాన్ పడిందని నీకెట్లా తెలుస్తుంది?

నువ్వు విసుక్కుంటావు గానీ, కరీంనగర్ మామ స్కూటర్ కథ నీకు పూర్తిగా తెలియదు. మామ హన్మకొండకు మారేటప్పుడు పాత స్కూటర్‌ని మెకానిక్ చెప్పిన మనిషికి అమ్మాడు. తెల్ల కాగితం మీద రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకాలు పెట్టుకుని అయిపోయిందనుకున్నాడు. బండి పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29 లేదు, 30 లేదు. అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీఏకి చెప్పాలని తెలియదు. పోస్టు వస్తే పాత ఇంటికి పోయేది. ఆ ఇంట్లో కిరాయికి దిగినవాళ్ళు మంచివాళ్ళే, ఒక్క కవరూ పారెయ్యకుండా బిస్కెట్ డబ్బాలో దాచారు. చెప్పడమే మరిచారు. మామ కొత్త బండి కాగితాల కోసం కోడలితో సైటు తీయిస్తే పాత స్కూటర్ చలాన్లు బయటపడ్డాయి. ఫొటో చూస్తే మడ్‌గార్డ్ మీద మామ రాయించుకున్న "తల్లిదండ్రుల దీవెన" స్పష్టంగా ఉంది. పైన లుంగీ కట్టుకున్న మనిషి, ముందర కాళ్ళ దగ్గర ఒక మేక, వెనక ఇంకొకతను ఒళ్ళో మరో మేకని పట్టుకుని. నలుగురిలో ఎవరికీ హెల్మెట్ లేదు. అత్త నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటోంది, మామకి మాత్రం బీపీ. మెకానిక్‌ని పట్టుకుంటే, కొన్నవాడు ఎప్పుడో ఇల్లు మారి జమ్మికుంట వెళ్ళాడన్నాడు. మామ బస్సెక్కి పోయాడు. వీధి వీధి అడిగి అడిగి పట్టుకుంటే, ఆ మనిషి చాయ్ తాగించి మరీ "ఎవరి పేరున వస్తే వాళ్ళే కట్టాలంట కదా" అన్నాడు. మర్యాద కాకపోయినా చట్టం అంతే. ఎవరి పేరున రిజిస్టరై ఉంటే వాళ్ళే ఓనరని 2018లో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ కేసులో చెప్పింది కూడా. మామ అన్నీ కట్టి, ఆ మనిషి చేత ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని వచ్చాడు. మేకలు అప్పటికే అమ్ముడుపోయాయట.

నువ్వు బండి అమ్ముతున్నావని రాజు ఎవరితోనో అన్నాడట. అమ్మినా ఇట్లా అమ్మకు. ఊరికే అడగడం లేదు, ఆ బండి లేకపోతే ఇప్పుడు పని ఎట్లా నడుస్తుంది?

వాట్సాప్‌లో "మీకు చలాన్ పడింది, ఈ ఫైల్ తెరవండి" అని వస్తే ముట్టుకోకు. ఆ ఏపీకే ఫైల్ నొక్కితే ఫోన్‌లో ఓటీపీలు వాళ్ళ చేతికి పోతాయి. సర్కారు సైటు పేరు చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది, నెంబరు నువ్వే టైప్ చేసి చూసుకో. లెక్చర్ ఇవ్వొద్దనుకునే మొదలుపెట్టాను, ఏం చేయను.

ఆ ఫొటోలు బాపుకి చూపించలేదు. రాణికి కూడా. ఆఫీసు ఉంటే ఉందని రాయి, లేకపోతే లేదని రాయి. మీ బాపు కూడా మిల్లు మూసినప్పుడు ఏడాది ఆటో నడిపాడు, నువ్వు అప్పుడు రెండో క్లాసు. కాకపోతే సాయంత్రం ఏడింటికల్లా ఇంట్లో ఉండేవాడు. పదకొండున్నరకు నాగోల్ ఏంటి? తిన్నావా అని అడిగితే తిన్నానంటావు, ఫొటోలో మెడ ఇంతే కనిపిస్తోంది.

నీకు ఐఎస్ఐ మార్కు ఉన్న హెల్మెట్ ఒకటి కొందామని షాపుకి వెళ్తే సైజు అడిగారు. టేపు తీసుకుని కనుబొమలకు కొంచెం పైన, చుట్టూ కొలిచి, సెంటీమీటర్లలో రాసి పంపు. దాంతోపాటే డోర్ నెంబరు, గల్లీ, పిన్‌కోడ్, పక్కన గుడో స్కూలో ఏముంటే అది. కొరియర్ అతను వెతుక్కోకుండా ఉండేలా రాయి.

ఇట్లు
అమ్మ